కారులోని క్రొత్త చప్పుడు

రేడియో వినుట అలవాటైన చెవికి ఒక గుణము పట్టుపడును. పాట సాగుచుండగా దాని అడుగున గుయ్యిమను సన్నని మ్రోత యొకటి చేరినచో, ఇంటిలో ఎవరో ఒకరు తల యెత్తి, ఏదో తేడాగా నున్నదందురు. మన దేశపు విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తములతో నడచుచున్నది గనుక, ఆ మ్రోత విద్యుత్తు వలన కలిగినదైనచో అది 50 గాని, దాని రెట్టింపైన 100 గాని అయి యుండుట పరిపాటి. స్టూడియోలో అట్టి మ్రోత వినబడినపుడు మేము మొదట అడుగు ప్రశ్న అది ఎంత బిగ్గరగా నున్నదని కాదు, దేనితోపాటు మారుచున్నదని. ఏ మీట నొక్కినపుడు ఆగినది? ఏ తీగ కదల్చినపుడు హెచ్చినది? మోటారు కారులో క్రొత్తగా పుట్టిన చప్పుడును పట్టుకొనుటకు కూడ మేమెరిగినంతలో ఇంతకంటె మంచి ప్రశ్న లేదు.

చోడవరము దాపున గల గోవాడ పేరు చెప్పగానే సహకార చక్కెర కర్మాగారము గుర్తునకు వచ్చును. విశాఖపట్నము జిల్లాలో నుండి 2022 ఏప్రిల్ నెలలో క్రొత్త అనకాపల్లి జిల్లాలో చేరిన ఈ ప్రాంతము చెఱకునకును బెల్లమునకును పెట్టినది పేరు. చెఱకు తోలు బండ్లు నడచిన యూళ్లలో చప్పుళ్ల శాస్త్రము పుస్తకములకంటె ముందే పుట్టినది. ఎడ్లబండి కిర్రుమన్నంతనే తోలువాడు ఇరుసున కందెన ఎండినదని గ్రహించును. కిర్రుమనుట చక్రము చుట్టునకొక్కమారే వచ్చినచో, కుండలో ఒక్క చోటనే రాపిడి యున్నదనియు, ఎడతెగక వచ్చినచో ఇరుసు పొడవునను ఎండినదనియు అతనికి తెలియును. అతడు చప్పుడు స్వరమును కాదు, తాళమును విన్నాడు.

ఇప్పుడొక చిన్న ఊహ చేయుదము. పట్టణమున ఉద్యోగము చేయు యువకుడొకడు వేగమునకై నిర్మించిన స్పోర్ట్సు కారును కొని, చెఱకు కొట్టుడు రోజులలో గోవాడకు వచ్చినాడు. ఊరి పొలిమేర దాటునప్పటికి కారులో ఏదో చప్పుడు మొదలైనది. నలుగురును చుట్టు చేరినారు. ట్రాక్టరు నడుపు పెద్దమనిషి "బేరింగు పోయినట్టుంది బాబూ" అన్నాడు. మరియొకరు పెట్రోలులో కలుపు చెఱకు సారాయిదే దోషమన్నారు. వేరొకరు ఇంజను విప్పనిదే లాభము లేదన్నారు. ముగ్గురును చప్పుడును విన్నవారే. అది దేనితో మారుచున్నదని ముగ్గురిలో ఎవరును అడుగలేదు. విప్పిన ఇంజను ఖర్చు వేలతో పోదు, లక్షలలో తేలును. విప్పక నడిపిన ఇంజనుకు ఒక్కొక్కపుడు అంతకంటె హెచ్చగును. కావుననే ఆ ప్రశ్న అడిగి తీరవలెను.

స్పోర్ట్సు కారు విషయములో మొదటి చిక్కు ఏమనగా, అది బాగున్నపుడు కూడ చప్పుళ్లపుట్ట. పెట్రోలును నేరుగా సిలిండరులోనికి చిమ్ము ఇంజనులలో చిమ్మెడి కవాటములు టిక్కుటిక్కుమని కొట్టుకొనుచుండును. టర్బో గల కారులో యాక్సిలరేటరు వదలినంతనే నిట్టూర్పు వంటి ధ్వని వెలువడును. పొగగొట్టము టపటప పేలును. కొన్ని కార్లలో ఆ పేలుళ్లను కొనువారి ముచ్చటకై తయారీదారులే ఏర్పరచుదురు. గట్టి బ్రేకు దిమ్మలు చల్లగా నున్నపుడు కీచుమనును. ఇవి రోగములు కావు, వాని స్వభావము. కనుక క్రొత్త కారు కొన్నవారు మొదటి నెలలోనే, ఉదయము చల్లని ఇంజనుతో నొకమారు, ఎండలో దూరము నడచి వచ్చిన పిదప నొకమారు, కిటికీలు దించి గోడ ప్రక్కగా మెల్లగా నడుపుచు వినవలెను. గోడ ధ్వనిని మరలించి చెవికి చేర్చును. ఆరోగ్యములో నాడి యెట్లుండునో యెరుగని వైద్యుడు జ్వరపు నాడిని ఎట్లు పోల్చును?

ఇక తాళపు లెక్క. కారులో ముఖ్యముగా మూడు గడియారములు తిరుగుచుండును. మొదటిది ఇంజనులోని క్రాంకు. అది నిమిషమునకు 900 చుట్లు తిరుగుచు నిలకడగా నున్నపుడు సెకనుకు 15 చుట్లగును. రెండవది కవాటములను తెరచు క్యాము. నాలుగు ఘాతముల ఇంజనులో అది క్రాంకులో సగము వేగముతో మాత్రమే తిరుగును, అనగా సెకనుకు ఏడున్నర చుట్లు. ఏడెనిమిది దెబ్బలను చెవి ఇంచుమించు విడివిడిగా పోల్చుకొనగలదు. పదునైదైనచో గలగలగా కలిసిపోవును. సంగీతమెరిగిన వారికి దీనిని మొదటి కాలము, రెండవ కాలము అని చెప్పిన చాలును. మూడవ గడియారము చక్రము. స్పోర్ట్సు కారు చక్రపు చుట్టుకొలత సుమారు 2 మీటర్లు. గంటకు 72 కిలోమీటర్ల వేగమున అది సెకనుకు పదిమారులు తిరుగును. గంటకు 7 కిలోమీటర్ల వేగమున, అనగా చురుకైన నడక వేగమున, సెకనుకు ఒక్క చుట్టే. అపుడు మోకాలిపై చేతితో తాళము వేసి లెక్కింపవచ్చును.

పరీక్ష ఇట్లు నడచును. కారును నిలిపి, గేరు తీసి, యాక్సిలరేటరును మెల్లగా నొక్కుడు. చప్పుడు వెంబడించి హెచ్చినచో అది ఇంజను వైపుది. మాయమైనచో ఇంజను చాల వరకు నిర్దోషి. కాలితో నొక్కు క్లచ్చి గల కారులో, నిలిచియున్నపుడే క్లచ్చి నొక్కగా చప్పుడు ఆగినను, పుట్టినను దోషము క్లచ్చి దగ్గరనో, గేరుపెట్టె మొదటి బేరింగులోనో వెదకవలెను. నడచుచున్నపుడు మాత్రమే వినబడు హోరు ఇంజను వేగము మారినను మారక, కారు వేగముతోనే హెచ్చి తగ్గినచో అది చక్రములది, టైరులది, చక్రపు బేరింగులది. టైరు హోరు రోడ్డు మారిన మారును. తారు రోడ్డు నుండి సిమెంటు రోడ్డు మీదికి పోయినపుడు గొంతు మార్చును. బేరింగు హోరు రోడ్డును లెక్కచేయదు, మలుపును లెక్కచేయును. కారు ఎడమకు తిరుగునపుడు బరువు కుడి చక్రముల మీదికి ఒరగును. అపుడు హోరు హెచ్చినచో కుడి బేరింగును అనుమానింపవలెను. ముందు చక్రములను పూర్తిగా త్రిప్పి మెల్లగా ముందుకు పోవునపుడు మాత్రమే టకటకమన్నచో, చక్రమునకు శక్తి నందించు ఇరుసు కీలు అరిగినదని అర్థము. దాని రబ్బరు తొడుగు చిరిగి, గ్రీజు పోయి, దుమ్ము చేరియుండును. ఒక హెచ్చరిక: నడచుచున్న కారులో ఇంజనును ఆపి వినుట ఎన్నటికిని తగదు. బ్రేకునకు, స్టీరింగునకు తోడ్పడు శక్తి ఇంజనుతోనే పోవును.

మన యువకుని కారు ఈ పరీక్షలకు ఏమని బదులు చెప్పును? నిలిచియున్నపుడు చప్పుడు లేదు. కదలినంతనే రేకును గీసినట్లు కర్ణకఠోరమైన గీరుడు, చక్రముతోపాటు తిరుగుచున్నది, బ్రేకు నొక్కగా కొంచెము మారుచున్నది. చెఱకు బండ్లు పొలముల నుండి మట్టిని, రాళ్లను రోడ్డు మీదికి తెచ్చు రోజులవి. బ్రేకు పళ్లెమునకును దాని వెనుకనుండు పలుచని రేకునకును నడుమ శెనగగింజంత రాయి యిరుకుకొన్నది! కొన్ని గజములు వెనుకకు నడిపినచో అట్టి రాయి తరచు దానంతటదియే రాలిపడును. ఇంజను విప్పుదమన్న పెద్దమనిషి ఆ సమయమున కనబడకుండుట మేలు.

అన్ని చప్పుళ్లును ఇంత చులకనగా తేలవు. వేగపు కార్ల యజమానులు ముఖ్యముగా ఎరుగవలసినవి రెండు కలవు. మొదటిది మెకానిక్కులు నాకింగు అనునది. ఎండలో, ఎత్తు ఎక్కునపుడు, పెద్ద గేరులో తక్కువ వేగమున యాక్సిలరేటరు నొక్కినచో, రేకు డబ్బాలో గాజు గోళీలు పోసి ఊపినట్లు వినబడును. సిలిండరులో నిప్పురవ్వ అంటుకొన్న చోటి నుండి మంట క్రమముగా వ్యాపింపవలెను. ఆ మంట తమను చేరక మునుపే మూలనున్న పెట్రోలు ఆవిరులు వేడికిని ఒత్తిడికిని తాళలేక ఒక్కుమ్మడిగా భగ్గుమనును. ఆ ఒత్తిడి అలలు సిలిండరు గోడల నడుమ సెకనుకు ఆరేడు వేల మారులు అటునిటు కొట్టుకొనును. మన చెవికి గోళీలై వినబడునవి ఆ అలలే. అవి లోహమును కప్పియున్న పలుచని వాయువు పొరను చెదరగొట్టి, మంట వేడిమిని నేరుగా పిస్టనుకు తగిలించును. ఎడతెగని నాకింగు పిస్టను అంచును చెదలు తిన్న చెక్క వలె చేయును.

ఇంధనము ఈ దోషమును ఎంత ఓర్చుకొనునో తెలుపు కొలత ఆక్టేను సంఖ్య. 1921లో అమెరికాలో థామస్ మిడ్జ్లీ సీసపు సమ్మేళనమొకటి పెట్రోలులో కలిపినచో నాకింగు అణగునని కనుగొన్నాడు. ఆ సీసము ఇంజనును కాపాడి మనుష్యుల నెత్తురును చెరచినది. మన దేశమున 2000 సంవత్సరపు ఫిబ్రవరిలో అట్టి పెట్రోలు అమ్మకము ఆగినది. ఇచ్చట గోవాడ చెఱకు మన కథలోనికి మరల వచ్చును. చెఱకు రసము, చక్కెర తీయగా మిగిలిన మొలాసిస్, మొక్కజొన్న, బియ్యపు నూకలు మొదలైనవాని నుండి తీయు ఇథనాలునకు ఆక్టేను సంఖ్య 108 ప్రాంతమున నుండును. మన సామాన్యపు పెట్రోలునకు చిరకాలము 91 మాత్రమే. అంతేకాక ఇథనాలు ఆవిరియగునపుడు పెట్రోలుకంటె రెండు రెట్లకు మించి వేడిని పీల్చుకొని సిలిండరును చల్లబరచును. నూటికి 20 పాళ్లు ఇథనాలు కలిసిన పెట్రోలు మన దేశమున 2023 ఫిబ్రవరిలో అమ్మకమునకు వచ్చి, 2025 నాటికి దేశమంతట వ్యాపించినది. నాకింగు వినబడగానే తప్పు చెఱకు సారాయి మీదికి నెట్టుట అన్యాయమని మేము నిస్సంకోచముగా చెప్పగలము. ఆ దోషమును అణచునదే అది. అయితే దాని పై ఫిర్యాదులన్నియు అబద్ధములు కావు. లీటరుకు దానిలో శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే గనుక మైలేజి కొంత తగ్గును. పాత కార్లలోని కొన్ని రబ్బరు గొట్టములకు అది పడదు. తేమను పీల్చు స్వభావము గలది గనుక నెలల తరబడి కదలక నిలిచిన కారులో నీరు వేరుపడి అడుగున చేరవచ్చును. అపుడు కారు కుదుపులతో నడచును, తుమ్మును, ఆగిపోవును. గోళీల చప్పుడు మాత్రము చేయదు.

నేటి కార్లలో ఇంజను దిమ్మకు బిగించిన స్ఫటికపు చెవి యొకటి యుండును. నాకింగు వినినంతనే అది కంప్యూటరునకు కబురు పంపగా, నిప్పురవ్వ పుట్టు క్షణమును అది కొంచెము వెనుకకు జరుపును. కాబట్టి యజమానికి చప్పుడు వినబడకపోవచ్చును. కారు మందగించినట్లు మాత్రము తోచును. అట్టి రక్షణ గల కారులో కూడ గోళీల మ్రోత ఎడతెగక వినబడినచో, ఆ రక్షణ చేతులెత్తివేసినదని గ్రహించి యాక్సిలరేటరు వదలి, చిన్న గేరునకు దిగి, షెడ్డునకు పోవలెను. టర్బో కార్లలో దీనికొక క్రూరమైన అన్న కలడు. తక్కువ వేగమున, హెచ్చు బరువున, సిలిండరులో చేరిన ఆయిలు బిందువుల వంటివి నిప్పురవ్వకంటె ముందే అంటుకొని, ఒక్కటే పెద్ద సుత్తిదెబ్బ వినిపించును. ఒక్క దెబ్బతో పిస్టను పగిలిన సందర్భములు కలవు. 2018లోను 2020లోను ఇంజను ఆయిలు ప్రమాణములను సవరించినది ప్రధానముగా దీనిని నివారించుటకే. కనుక టర్బో కారులో ఏ ఆయిలు పోయవలెనో పుస్తకమున వ్రాసినదే పోయవలెను. దుకాణములో చేతికందినది కాదు.

రెండవది ఇంతకంటె ప్రమాదకరము. క్రాంకును పిస్టనుతో కలుపు దండము చివరి బేరింగు అరిగినపుడు కలుగు బరువైన దడదడ. రోకటిపోటు దూరము నుండి వినబడినట్లుండును. ఇంజను వేగముతో హెచ్చును. నొక్కి పట్టిన యాక్సిలరేటరును కొంచెము వదలిన క్షణమున స్పష్టమగును. చల్లని ఇంజనులో పిస్టను వదులు వలన కలుగు చప్పుడు వేడెక్కిన కొలది తగ్గును. ఈ బేరింగు చప్పుడు వేడెక్కిన కొలది హెచ్చును, ఏలనన వేడికి ఆయిలు పలుచబడును. ఉదయము మొదటి రెండు మూడు సెకనులు టిక్కుటిక్కుమని ఆగిపోవు కవాటపు చప్పుడుతో దీనికి పోలిక లేదు. మెకానిక్కు ఒక్కొక్క సిలిండరునకు ఇంధనము ఆపి చూచును. ఏ సిలిండరు ఊరుకొన్నపుడు దెబ్బ మెత్తబడునో దోషము దానిది. క్రాంకు వేగమున వచ్చు దెబ్బ, సగము వేగమున వచ్చు దెబ్బ అను లెక్క ఒక్కటే ఇచ్చట చాలదు. కాల్పుదెబ్బ ఒక్కొక్క సిలిండరులో రెండు చుట్లకొకమారే తగులును గనుక, బరువు పరీక్ష కూడ తోడు కావలెను.

వేగపు కార్లకు ఈ రోగము ఎందుకు హెచ్చో చెప్పవలసియున్నది. దీర్ఘమైన మలుపును మిక్కిలి వేగముగా తీసికొనునపుడు అడుగు తొట్టిలోని ఆయిలు, చెంబులో నీరు ఒరిగినట్లు ఒక ప్రక్కకు ఒరగును. పంపు నోటికి ఆయిలునకు బదులు గాలి చిక్కును. బేరింగును క్రాంకును వేరుచేయునది వెంట్రుక మందము కూడ లేని ఆయిలు పొర. అది తెగిన కొన్ని క్షణములలో లోహము లోహమును ఒరయును. పందెపు కార్లలో ఆయిలును అడుగున నిలువ చేయక, వేరు తొట్టిలో నుంచి పంపులతో త్రిప్పుట ఇందుకే. దడదడతోపాటు ఎర్రని ఆయిలు దీపము వెలిగినచో, ఇల్లు ఇంకెంత దూరమని ఆలోచింపరాదు. ప్రక్కకు తీసి, ఇంజను ఆపి, కారును బండిమీద నెక్కించి తేవలెను. ఆ స్థితిలో ఒక్క కిలోమీటరు నడపినను దండము విరిగి ఇంజను దిమ్మను చీల్చుకొని బయటికి రావచ్చును. వేడి ఆయిలు పొగగొట్టము మీద పడినచో నిప్పంటుకొనవచ్చును.

దోషము ఏ అంగుళములో నున్నదో తేల్చుటకు షెడ్డులలో నేటికిని చేయు పని ముచ్చటైనది. పొడవైన స్క్రూడ్రైవరు కొనను ఇంజను దిమ్మకు ఆనించి, పిడిని చెవి దగ్గర ఎముకకు ఆనించి విందురు. 1816లో ఫ్రెంచి వైద్యుడు లాయెనెక్ కాగితమును గొట్టముగా చుట్టి రోగి గుండె వినినదియు ఈ యుక్తియే. ఘనపదార్థములో ధ్వని గాలిలో వలె చెదరక చేరును. గోవాడకు ఎంతో దూరము లేని వాల్తేరులో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు, సూరి భగవంతముగారు చెవికందని ధ్వనులతో స్ఫటికముల లోపలి గట్టిదనమును కొలిచినారు. తిరుగుచున్న బెల్టు, ఫ్యానుల దాపున ఇట్టి ప్రయోగమును ఇంటివారు చేయరాదు. వదులు చొక్కా, పైపంచ ఒక్క క్షణములో చుట్టుకొనును.

చేతిలోని సెల్లుఫోనుతో చప్పుడును ముద్రించి మెకానిక్కునకు వినిపించుట ఇప్పుడు వాడుకయైనది. మా వృత్తి వారిగా ఇచ్చట ఒక మాట. ఫోను మాటకై పుట్టినది. ఎడతెగని హోరును అది అనవసరపు రొదగా భావించి తానే అణచివేయును. ఉన్నట్టుండి పెరిగిన చప్పుడును తగ్గించి, చిన్న చప్పుడును పెంచును. బేరింగు హోరు అందులో మాయమై, టిక్కుటిక్కు మాత్రము ఉరుము వలె వినబడవచ్చును. కాబట్టి ముద్రణతోపాటు మాటలు కూడ చేర్చవలెను.

చెన్నపట్నము చేరువనున్న షోలవరములో పాత విమానరంగము మీద కార్ల పందెములు నడచిన దినములలో వేగమనగా మ్రోతయే. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదు హుస్సేన్‌సాగరు ఒడ్డున విద్యుత్తు కార్ల పందెము జరిగి, ఫ్రెంచి దేశీయుడు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచినపుడు, ఆ గర్జనకు మారుగా గేరుల సన్నని ఈలయు, టైరుల రాపిడియు మిగిలినవి. విద్యుత్తు కారులో నాకింగు లేదు, ఆయిలు దీపము లేదు. కాని ఇంజను రొద తొలగినందున, పూర్వము దాని చాటున దాగిన బేరింగు హోరు, సీటు క్రింది వదులు మర కూడ పైకి తేలును. మూడు గడియారములలో రెండు పోయినను చక్రపు గడియారము నిలిచియున్నది. దానితోపాటు మోటారునకు తాళము వేయు క్రొత్త గడియారమొకటి చేరినది.

కారును షెడ్డునకు పంపునపుడు ఒక చీటిపై వ్రాయవలసినది ఇంతే: చప్పుడు చల్లగా నున్నపుడా, వేడెక్కిన పిదపనా, నిలిచియుండగానా, నడచుచుండగానా, ఎంత వేగమున, ఏ గేరులో, యాక్సిలరేటరు నొక్కినపుడా, వదలినపుడా, ఏ ప్రక్కకు తిరిగినపుడు హెచ్చినది, ఏ దినమున మొదలైనది, ఆ దినమునకు ముందు కారులో ఏమి మార్చినారు. చివరి ప్రశ్నకు మాత్రము యజమాని స్వయముగా బదులు వ్రాయవలెను, ఏలనన దానిని కారు చెప్పలేదు.